బయట తాళం వద్దు

మా మామకు పెట్రోల్ బంకు వచ్చినప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ అనుమానపడింది మా అత్త. గోరంట్ల దాటి హిందూపురం వైపు పోయే రోడ్డు పక్కన మాకొక మెట్టచేను ఉంది. ఎర్రనేల, అందులో సగం రాళ్ళే. చెనక్కాయ వేస్తే పెట్టిన విత్తనం కూడా తిరిగిరాని ఏళ్ళే ఎక్కువ. రోడ్డును ఆనుకుని ఉన్న ఆ చేను కొసను చూసి, బంకుకు బాగుంటుందని ప్రభుత్వ చమురు కంపెనీ వాళ్ళు ఒప్పుకున్నారు. "వాన పడని చేన్లో మీ మామ పెట్రోలు పండిస్తాడంట పాపా," అని అత్త నాతో అంటూ నవ్వేది.

మా ఆయన హిందూపురంలో ఒక మిల్లులో పని చేస్తాడు. పొద్దున పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు చేరతాడు. నేను డిగ్రీ చదువుకుని ఇంట్లో ఉన్నదాన్ని కాబట్టి బంకు ఆఫీసు గదిలో కూర్చునే పని నాకొచ్చింది. పనికి పెట్టుకున్న కుర్రాడితో పాటు మామ పంపుల దగ్గర నిలబడేవాడు. అత్త మధ్యాహ్నం సంగటి క్యారియరు పట్టుకుని వచ్చి, తిన్నాక గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయేది. మొదట్లో అంతే ఆమె పని.

బంకు తెరిచిన కొత్తలో కంపెనీ వాళ్ళు ఒక పెద్ద పలక తెచ్చి ఆఫీసు గోడకు బిగించారు. కొనేవాళ్ళకు ఇక్కడ ఏమేమి దొరకాలో దాని మీద తెలుగులో రాసి ఉంది. అత్తకు చదువు రాదు. ఆ రోజు క్యారియరు నా బల్ల మీద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంటూ అడిగింది.

"ఏం రాసినారు పాపా దాని మింద?"

"ఏముంటుంది అత్తా, కంపెనీ వాళ్ళ రూల్సు."

"సదువు, ఇందాం."

చదివాను. కొలత సరిగ్గా ఉండాలి. అనుమానం వస్తే కొలత డబ్బాలో పట్టి చూపించాలి. టైర్లకు గాలి ఊరికే కొట్టాలి. తాగడానికి మంచినీళ్ళు ఉండాలి. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వేరువేరుగా శుభ్రమైన మరుగుదొడ్లు ఉండాలి. దెబ్బ తగిలిన వాళ్ళకు కట్టు కట్టేందుకు మందుల పెట్టె ఉండాలి. అడుగున మామ పేరు, ఆఫీసరు ఫోన్ నంబరు.

"ఎవురు ఇస్తామని రాసినారు ఇదంతా?"

"కంపెనీ."

"ఆ కంపెనీ యాడుండాది?"

"ఢిల్లీలోనో బొంబాయిలోనో ఉంటుంది అత్తా."

"మరి ఈడ నీళ్ళిచ్చేది ఎవురు, ఆ ఢిల్లీ వాళ్ళొచ్చి ఇస్తారా?"

"మనమే ఇయ్యాల."

అత్త కొంచెంసేపు ఆ పలకనే చూసింది. "అట్లయితే అది మన మాటే గదా. మీ మామ పేరు గూడా ఏసినారంటాండావు," అంది. గిన్నెలు సర్దుకుని వెళ్ళిపోయింది. మరుసటి రోజు క్యారియరుతో పాటు రెండు కొత్త కుండలు, వాటి కింద వేయడానికి ఇసుక, మూతలకు గుడ్డలు ఆటోలో వేసుకుని వచ్చింది. నీళ్ళ యంత్రం ఉందిగా అత్తా అంటే, "అది కరెంటు ఉన్నప్పుడు పంజేస్తాది. కుండకు కరెంటు ఏంటికి?" అంది.

పలకలో మామకు బాగా నచ్చింది గాలి. ఆ మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. పాలక్యాన్లు కట్టుకున్న మోపెడ్లు, గొర్రెలమందల వాళ్ళ బండ్లు, చివరికి సైకిళ్ళు కూడా ఆపి మరీ గాలి కొట్టేవాడు. "ఏమప్పా, ఎనక చక్రం చూసుకున్యావా, అణిగిపోయిండాది" అని రోడ్డు మీద పోయేవాళ్ళను కేకేసి పిలిచేవాడు. వాళ్ళకు పెట్రోలు అవసరం లేకపోయినా సరే. ఎవరైనా డబ్బులివ్వబోతే, "పలక సదువుకోప్పా, ఊరికే" అని గోడ వైపు చెయ్యి చూపించేవాడు. ఆ గర్వం చూస్తే నాకు ముచ్చటేసేది.

మరుగుదొడ్ల దగ్గరే చిక్కు వచ్చింది.

బంకు వెనుక ఒక బోరు ఉంది. దాని నీళ్ళతోనే మామ కొన్ని చీనీ చెట్లు, అంటే బత్తాయిలు, పెంచుకుంటున్నాడు. ఎప్పుడో ఒక కరువు ఏడాది ఆ మొక్కలకు ఆయన కావడితో నీళ్ళు మోసి పోశాడని అత్త చెప్పేది. చేను ఏ ఏడాదీ మాట నిలబెట్టుకోలేదు కానీ ఆ చెట్లు మాత్రం కాసేవి. చుట్టాలు ఎవరొచ్చినా వాళ్ళ సంచిలో చీనీకాయలు వేసి పంపడం ఆయనకు పండుగ. ఆ ఎండాకాలం బోరు తగ్గింది. మోటారు వేస్తే కాసేపు నీళ్ళు, తర్వాత గాలి. బంకు ట్యాంకుకు నీళ్ళు వదిలితే చెట్లకు చాలవు, చెట్లకు వదిలితే ట్యాంకు నిండదు. ఒక రోజు పొద్దున నేను వచ్చేసరికి రెండు మరుగుదొడ్లకూ తాళాలు వేలాడుతున్నాయి. అట్టముక్క మీద "రిపేరులో ఉంది" అని మామ చేతిరాత.

ఏం రిపేరు మామా అని అడిగాను. "నాలుగు దినాలు పాపా. వానొచ్చేదాకా," అన్నాడు నా మొహం చూడకుండా. మా వైపు వానొచ్చేదాకా అంటే దానికి గడువు లేనట్టే.

అత్త మధ్యాహ్నం వచ్చి తాళాలు చూసింది. సంగటి ముద్ద ఆయన తట్టలో పెట్టి, ఊరిబిండి పచ్చడి వేసి, తను తినకుండా బయట కుండల దగ్గర కూర్చుంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. తనే మొదలుపెట్టింది.

"నాకు పెండ్లయిన కొత్తలో కదిరి సంతకు పోయేదాన్ని పాపా. బస్సెక్కే దినం పొద్దున్నించి నీళ్ళు ముట్టేదాన్ని గాదు. నేనే గాదు, బస్సులో ఉండే ఆడోళ్ళంతా అంతే. నాలిక పిడచగట్టుకపోయేది. ఇంటికొచ్చినాక చెంబుడు నీళ్ళు ఒకేసారి తాగితే కడుపులో నొప్పి."

నాకు అనంతపురంలో చదువుకున్న రోజులు గుర్తొచ్చాయి. హాస్టలు నుంచి ఇంటికి వచ్చేటప్పుడు మా నాయన బస్టాండులో కూల్‌డ్రింకు కొనిస్తానంటే వద్దనేదాన్ని. ఏంటికి వద్దంటావో అని ఆయన బాధపడేవాడు. నేను చెప్పేదాన్ని కాదు. ఆ సంగతి ఆడవాళ్ళు ఒకరికొకరం చెప్పుకునే అవసరం కూడా లేనంత మామూలు. ఆ రోజు అత్త చెప్పేదాకా అదొక బాధ అని నేను మాటల్లో పెట్టి అనుకోలేదు.

ఆ తర్వాత వారం కూడా తిరగకముందే బెంగుళూరు నుంచి ఒక వ్యాను వచ్చి ఆగింది. కదిరి వైపు ఊళ్ళ వాళ్ళు, అక్కడ బిల్డింగు పనులకు పోయినవాళ్ళు, ఏదో పెళ్ళికని తిరిగి వస్తున్నారు. డ్రైవరు పంపు కుర్రాడి చేత డీజిలు పట్టించుకుంటుంటే వెనుక నుంచి ఒక పెద్దామె దిగి నా గది దగ్గరకు వచ్చింది.

"అమ్మా, బాత్రూం యాడుండాది? నా కూతురు బాలింత. కానుపై ఇంగా నెల కాలేదు. ఆపుకోలేకపోతాంది."

మామ ఆ పూట కదిరికి పోయాడు. తాళం చెవులు ఆయన జేబులో ఉన్నాయి. రోడ్డు అవతల చూశాను. దున్ని వదిలేసిన చేను, కనుచూపుమేర ఒక కంపచెట్టు కూడా లేదు. మా ఊరికి తీసుకుపోదామంటే ఆ పిల్ల అంత దూరం నడిచేలా లేదు. వ్యాను మెట్టు పట్టుకుని నిలబడింది, చంటిబిడ్డను గుడ్డలో చుట్టి ఎదకు అదుముకుని. పెదవులు తెల్లగా పగిలిపోయి ఉన్నాయి.

అత్త అప్పుడే క్యారియరుతో ఆటో దిగుతోంది. పెద్దామె మాట చెవిన పడింది. క్యారియరు నా చేతిలో పెట్టి నేరుగా వెనక్కి నడిచింది. చీనీ చెట్ల పాదు దగ్గర ఉన్న ఒక గుండురాయి తీసుకుంది. నేను వెనకాలే పరిగెత్తాను.

"అత్తా, మామకు ఫోన్ చేస్తా ఉండు."

"ఫోన్లో తాళం తెరుస్తాడా?"

మొదటి దెబ్బకు తాళం కదిలింది. రెండో దెబ్బకు తాళం ఊడలేదు కానీ గొళ్ళెమే చెక్కతో సహా ఊడి వచ్చింది. లోపల కొళాయి తిప్పితే నీళ్ళు లేవు. అత్త మళ్ళీ బయటికి వచ్చి, చెట్లకు పోయే వాల్వు మూసి ట్యాంకు వైపుది తిప్పింది. "మోటారెయ్యి పాపా," అంది. వేశాను. ట్యాంకులో నీళ్ళు పడేలోపు అత్త కుండలోని మంచినీళ్ళే బకెట్టులో పోసుకుని ఆ పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. బిడ్డ నా చేతుల్లో ఉంది. పావురమంత బరువు.

బయటికి వచ్చాక ఆ పిల్లను నా గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టాం. వ్యానులోని మిగతా ఆడవాళ్ళు ఒకరి వెంట ఒకరు వెనక్కి పోయి వస్తున్నారు. డ్రైవరు హారను కొట్టబోతే అత్త వాడి వైపు ఒక చూపు చూసింది, అంతే, వాడు దిగిపోయి బీడీ కాల్చుకోవడానికి రోడ్డు అవతలికి పోయాడు. నేను మజ్జిగలో ఉప్పేసి ఇచ్చాను. ఆ పిల్ల ముందు నీళ్ళు కావాలంది. గ్లాసు దించకుండా తాగింది. మళ్ళీ పోస్తే మళ్ళీ తాగింది.

"బెంగుళూరు ఇడిసినప్పట్నించి గుక్క తాగలేదక్కా. తాగితే మళ్ళా యాడ దిగల్లో అని."

"బాలింతవు, నీళ్ళు తాగకుంటే బిడ్డకు పాలెట్ల వస్తాయే?" అంది అత్త. తిట్టినట్టే అంది. అంటూనే గ్లాసు మళ్ళీ నింపింది. ఆ పిల్ల తల దించుకుని కళ్ళు తుడుచుకుంది. పెద్దామె అత్త చేతులు పట్టుకుని ఏదో చెప్పబోతే, "పోండమ్మా, వ్యాను పోతాది, పోండి" అని తరిమినట్టు పంపించింది. మా మధ్యాహ్నపు సంగటి, ఊరిబిండి కూడా ఆ వ్యానులోనే పోయాయి.

మామ సాయంత్రం వచ్చాడు. ఊడిన గొళ్ళెం చూశాడు, మూసిన వాల్వు చూశాడు.

"ఎవురే ఈ పని చేసింది?"

"నేనే."

"చెట్లు సచ్చిపోతాయే! నా చేత్తో పెంచినానే వాటిని."

"సావనీ అన్న్యానా నేను? తాళం వద్దంటాండా."

"నీళ్ళు రెండిట్లకీ యాడ్నించి తెచ్చేది?"

"అది నాకు తెల్దు. రోడ్డు మింద పోయేవాళ్ళను పిల్చి గాలి కొడతావే, పలక సదువుకో అంటావే. అదే పలక గదా ఇదీ. నీకు ఇష్టమైన ముక్క ఒకటే సదువుకుంటే ఎట్లయ్యా?"

మామ చెట్ల దగ్గరకు పోయి చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. ఇంటికి పోయేటప్పుడు అత్త ఆయన బండెక్కలేదు, నాతో పాటు ఆటోలో వచ్చింది.

మరుసటి రోజు పొద్దున నేను బంకుకు వచ్చేసరికి మామ పంచె ఎగ్గట్టి పలుగు పట్టుకుని ఉన్నాడు. చేతులు కడిగే తొట్టి దగ్గర నుంచి, కుండల కింద నీళ్ళు కారే చోటు నుంచి చెట్ల దాకా సన్నటి కాలువ తవ్వుతున్నాడు. సబ్బునీళ్ళు చెట్టుకు మంచివి కావని మధ్యలో ఒక గుంత తీసి గులకరాళ్ళు, ఇసుక, బొగ్గు నింపాడు. ఎవరైనా చెయ్యి కడిగితే ఆ నీళ్ళు ఎంత దూరం పోయాయో వెనకాలే నడిచి చూసేవాడు. లారీ డ్రైవర్లను "ఇంగోసారి కడుక్కోప్పా, మొగం గూడా కడుక్కో" అని బతిమాలడం నేను నా చెవులతో విన్నాను. అయినా అన్ని చెట్లూ బతకలేదు. ఎండినవాటిని తనే గొడ్డలితో కొట్టాడు. ఆ రోజు అత్త వంట చేస్తూ ఆయనకు ఇష్టమైన అలసందల వడలు వేసింది. ఆయన తిన్నాడు. తాళం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంకొన్నాళ్ళకు కంపెనీ ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన కుర్రవాడు, మర్యాదగా మాట్లాడేవాడు. కొలత చూశాడు, పెట్రోలు నాణ్యత చూశాడు, మందుల పెట్టె తెరిచి చూశాడు. వెనక్కి పోయి తలుపుకు గొళ్ళెం లేకపోవడం గమనించాడు.

"ఏమైందండీ దీనికి?"

ఊడిపోయిందని చెప్పి ఉంటే అక్కడితో సరిపోయేది. మామ మాత్రం నిటారుగా నిలబడి చెప్పాడు. "నీళ్ళు లేవని నేనే తాళమేసినాను సార్. మా ఇంటామె పగలగొట్టింది. ఆమె చేసిందే సరి. నువ్వు రాసుకోల్సింది రాసుకోప్పా."

ఆఫీసరు పుస్తకం తెరిచాడు. "రాయాలండీ, తప్పదు," అన్నాడు మెల్లగా. రాసుకున్నాడు. తర్వాత కుండల దగ్గర ఉన్న అత్త దగ్గరకు పోయి, "అమ్మా, ఇక్కడ ఇంకా ఏం చేస్తే బాగుంటుందో మీరు చెప్పండి," అన్నాడు. అంతవరకు వచ్చిన ఏ ఆఫీసరూ ఆమెను ఏమీ అడగలేదు. అత్త తడుముకోకుండా చెప్పింది.

"బయట తాళం వద్దు నాయనా. లోపల గెడియ గట్టిగా పడల్ల. ఇప్పుడుండేది తోస్తే ఊడొస్తాది. ఆడది ఒక చేత్తో తలుపు పట్టుకోని ఎట్ల కూచుంటాది చెప్పు. సంచి తగిలిచ్చేకి ఒక మేకు. బిడ్డను పండబెట్టేకి ఇంత తిన్నె. మూతుండే చెత్తడబ్బా. అంతే."

ఆ అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి కానీ తల వంచుకుని ఒక్కొక్కటీ రాసుకున్నాడు. అత్త అతనికి తట్టలో సంగటి పెట్టింది. సంగటి ఎలా తినాలో తెలియక నములుతుంటే, "నమలగూడదప్పా, మింగల్ల" అని నేర్పించింది. ఆ నెలలోనే లోపలి గడియలు వచ్చాయి. ఇంకా పెద్ద ట్యాంకూ వచ్చింది. బోరు పక్కన వాననీళ్ళు ఇంకే గుంత తవ్వించడానికి కూడా కంపెనీ సాయం చేసింది. తిన్నె మాత్రం రాలేదు. అది ఏ లెక్కలోకీ రాదన్నారట. మామే రెండు కడపరాళ్ళు తెప్పించి కట్టించాడు.

కడగడానికి మనిషి దొరకడం మరో కష్టం. ఎవరొచ్చినా వారం ఉండి మానేసేవాళ్ళు. అలాంటి రోజుల్లో అత్త తనే చీర కుచ్చిళ్ళు దోపుకుని చీపురు పట్టేది. నేను వద్దంటే వినేది కాదు, నేను చేస్తానంటే పక్కన చోటిచ్చేది. ఒకసారి మా మామకు దాయాది వరసైన పెద్దమనిషి కారుకు డీజిలు పట్టించుకోవడానికి వచ్చి అత్తను ఆ పనిలో చూశాడు. మామను పక్కకు పిలిచాడు కానీ గొంతు తగ్గించలేదు.

"ఏమన్నా, భూములుండే ఇంటామె. బంకులో బాత్రూములు కడుగుతాంటే నలుగురూ ఏమనుకుంటారు?"

మామ పంపు గొట్టం తీసి దాని చోట తగిలించాడు. "ఆ పలక మింద నా పేరుండాదప్పా. పేరు నాది, పని ఆమెది. అనుకుంటే నన్ను అనుకోమను," అన్నాడు. పెద్దమనిషి కారెక్కాడు. అత్త లోపల ఉంది, విన్నదో లేదో నాకు తెలియదు. ఆ సాయంత్రం మాత్రం ఆటో కోసం ఆగకుండా మామ బండి వెనుక ఎక్కి కూర్చుంది.

తర్వాత మా ఊరి పక్కనుంచే ఒకామె పనికి కుదిరింది. గాజుల బుట్ట మోసి మోసి మెడ నొప్పితో ఆ వ్యాపారం మానేసిన ముస్లిం ఇంటావిడ. అత్తకూ ఆమెకూ ఈడు కలిసింది, మాట కలిసింది. ఇద్దరూ కుండల పక్కన కూర్చుని, ఆగిన బండిలో ఆడవాళ్ళెవరైనా దిగడానికి మొహమాటపడుతుంటే, "రాండమ్మా, ఎనక ఉండాది, శుద్ధంగా ఉండాది, రాండి" అని పిలుస్తారు. హిందూపురం బట్టల ఫ్యాక్టరీలకు పోయే ఆడపిల్లల బస్సు ఇప్పుడు రోజూ ఆగుతుంది. ఆ బస్సుకు మా దగ్గర డీజిలు పోయించరు. వాళ్ళ యజమానికి వేరే చోట ఖాతా ఉందట. అయినా ఆగుతుంది. ఒకసారి ఆ డ్రైవరు అన్నాడు, "ఈడ ఆపకుంటే ఆ పిల్లోళ్ళు నన్ను బతకనియ్యరక్కా." చుట్టుపక్కల ఊళ్ళలో దీన్ని కంపెనీ పేరుతో ఎవరూ అనరు. ఆడోళ్ళ బంకు అంటారు. మొదట్లో మామకు ఆ పేరు నచ్చలేదు. ఈ మధ్య ఫోనులో దారి చెప్పేటప్పుడు తనే ఆ మాట అనడం విన్నాను.

అత్త మోకాళ్ళు ఈ ఏడాది బాగా అరిగాయి. డాక్టరు నడక తగ్గించమన్నాడు. అయినా పొద్దున టిఫిను కాగానే మామ బండి వెనుక వచ్చేస్తుంది. ఇంట్లో ఉండమంటే ఇంట్లో ఎవరున్నారు మాట్లాడేకి అంటుంది. ఇప్పుడు వాళ్ళిద్దరి మధ్య కొట్లాట ఒక బెంచీ గురించి. వెనక్కి తిరిగే మలుపు దగ్గర నీడన ఆడవాళ్ళు తమ వంతు వచ్చేదాకా కూర్చోవడానికి బెంచీ కావాలని ఆమె. అక్కడ బెంచీ వేస్తే తన గాలి మిషను దగ్గరికి బండ్లు తిరగవని ఆయన. నిన్న ఆయన టేపు పట్టుకుని కొలుస్తుంటే, ఆమె కుర్చీలోంచి లేవకుండానే, "ఇంగొంచెం ఇట్ల జరుపయ్యా, ఇంగొంచెం" అంటూ ఉంది. నేను లోపల కిటికీ దగ్గర కూర్చుని వింటున్నాను. ఇంకా తేలలేదు.